నాలుగు లెక్కల నిశ్శబ్దం

పదిహేడో వారం

కిందటి వారం ప్రూఫక్కని చెవుల బాబాయ్ రిపేరు కొట్లో, మంచం కింద నుంచి బయటికి లాగిన రేకు డబ్బా ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆవిడ అక్కడే, గడియారాలాయన ఉత్తరం చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. కథలు రాసేవాళ్లకి జాలి తక్కువ. అయినా ఈ వారమే కొత్తగా వచ్చినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పకుండా డబ్బా మూత తీయడం మర్యాద కాదు.

'గోడౌన్' అనే బ్లూస్ రాక్ బ్యాండుకి ఈ ఏడుతో నలభై ఏళ్లు. ఉల్లిపాయల గోడౌన్లో ప్రాక్టీసు మొదలెట్టారు కాబట్టి ఆ పేరు. తొలి రోజుల కచేరీల్లో జనం కళ్లు తుడుచుకున్నది పాట వల్లో, వీళ్ల చొక్కాలకి పట్టిన ఉల్లి ఘాటు వల్లో ఇప్పటికీ తేలలేదు. ఐదుగురు డ్రమ్మర్లు మారారు, ఇద్దరు అలిగి వెళ్లి మళ్లీ వచ్చారు, ఒకాయన పెళ్లి చేసుకుని కనబడకుండా పోయాడు. మారనిది పాడే ఆయన ఒక్కడే. గొంతు పుట్టుకతోనే గరుకు కాబట్టి అందరికీ ఆయన బొంగురన్న. అభిమానులంతా కలిసి ఇప్పుడు ఒక జ్ఞాపకాల పుస్తకం వేస్తున్నారు. వచ్చిన ఉత్తరాలు దిద్ది, వరసలో పెట్టి, అచ్చుకి పంపే పని ప్రూఫక్కది. అచ్చాఫీసులో ముప్పై ఏళ్లుగా తప్పులు ఏరుతున్న మనిషి. పిల్లలు పేలు ఏరించుకోవడానికి కూడా ఆవిడ దగ్గరికే వస్తారని అక్కడివాళ్ల వేళాకోళం.

ఆ పని ఆవిడకి రావడానికి ఇంకో కారణం ఉంది. బ్యాండులో ఒకప్పుడు గిటారు వాయించిన 'సీసా' ఆవిడ సొంత తమ్ముడు. చిన్న మందు సీసా మెడ కోయించి, అంచు సాన పట్టించి, ఎడమచేతి వేలికి తొడుక్కుని తీగల మీద జార్చేవాడు. ఆ జారుడుకి తీగ ఏడ్చేది. పేరు అలా వచ్చింది. ఇరవై రెండేళ్ల కిందట, పట్టపగలు, కుడిచేత్తో గిటారు పట్టుకుని కదులుతున్న బస్సు ఎక్కబోయి, చెయ్యి జారి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటికి వాడికి ముప్పై ఒకటి. తాగి ఉన్నాడని లోకమంతా అంది. అందరికంటే ముందు అన్నది అక్కే.

వాడి ఆఖరి కచేరీ రికార్డు వాడు పోయిన నెలకి విడుదలైంది. అందులో చివరి పాటకి చివరి చరణం ముందు తాళంలో నాలుగు లెక్కల పాటు ఏమీ వినబడదు. పది సెకండ్లు. ఆ రికార్డు ఇంటికి తెచ్చి ఇచ్చిన రోజు బొంగురన్న ప్రూఫక్కతో, "ఆ ఖాళీ వాడిదమ్మా. వాడి కోసం వదిలాం" అన్నాడు. అప్పట్నుంచి ప్రతి కచేరీలో ఆ చోటు రాగానే బ్యాండు ఆగుతుంది. హాలు హాలంతా నాలుగు వేళ్లు పైకెత్తి, లెక్కకి ఒకటి చొప్పున ముడుస్తుంది. పుస్తకానికి నూట తొంభై ఉత్తరాలొస్తే అరవైరెండు ఆ నిశ్శబ్దం గురించే. తన చేతుల్లో మొదటిసారి ఒక మనిషి పోయిన రోజు ఇంటికెళ్లి ఆ పది సెకండ్లే మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నానని ఒక నర్సమ్మ రాసింది. 'నాలుగో వేలు ముడిచేసరికి పక్కనున్న అమ్మాయి కూడా ఏడుస్తోంది, ఆ అమ్మాయే ఇప్పుడు మా ఆవిడ, ఇప్పుడు ఆ పాట పెడితే ముందు కట్టెయ్యమంటుంది' అని ఒక డ్రైవింగు మాస్టారు రాశాడు.

అరవైమూడో ఉత్తరం గడియారాలు బాగుచేసే ఆయనది. 'హాల్లో నిశ్శబ్దానికి కూడా చప్పుడుంటుందండీ. ఎవరో దగ్గుతారు, కుర్చీ కిర్రుమంటుంది. ఈ నాలుగు లెక్కల్లో అవి కూడా లేవు. అందరూ ఆగినట్టు లేదు. ఎవరో ముక్క తీసేసినట్టుంది.' ఆ ఉత్తరం పట్టుకునే ప్రూఫక్క, బ్యాండుకి మొదట్నుంచీ సౌండు చూసిన చెవుల బాబాయ్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆయన మంచం కింద చెయ్యి పెట్టాడు.

సరే. ఇప్పుడు మూత తీద్దాం.

డబ్బాలో చుట్ట చుట్టిన గోధుమరంగు టేపు ముక్క ఉంది. బాబాయ్ దాని కొస పట్టుకుని, మంచం ఆ చివర నుంచి ఈ చివరిదాకా పరిచాడు. అయినా ఇంకాస్త మిగిలింది.

"ఆరడుగులు" అన్నాడు. "మీ తమ్ముడంత."

ప్రూఫక్కకి ఆ మాట ఎక్కడో తగిలింది. దుప్పటి మీద పొడుగ్గా పడుకున్న ఆ టేపుని చూడలేక గోడకేసి చూసింది. గోడ నిండా పాడైన రేడియోలు, పీకలు తెగిన స్పీకర్లు. ఒకప్పుడు చీమ తుమ్మినా వినిపించేదని పేరున్న బాబాయ్‌కి ఇప్పుడు రెండు చెవుల్లోనూ మెషిన్లే.

"కోసింది నువ్వేనా బాబాయ్?"

"బ్లేడు పట్టుకుంది నేనే. ముక్క తీసేసి, అంతే పొడుగు ఖాళీ టేపు అతికించాను. లేకపోతే లెక్క తప్పిపోద్ది కదా. అందుకే దగ్గులు కూడా లేవు. ఇన్నేళ్లకి ఒక్కడు పట్టుకున్నాడు. ఆ గడియారాలాయన్ని ఓసారి చూడాలి."

"ఎవరు కొయ్యమన్నారు?"

బాబాయ్ గోడ గడియారం వంక చూశాడు. "మూడింటికి బొంగురన్న వస్తాడుగా. నన్నెందుకు అడుగుతావు? నాకు అసలే వినబడదు."

వినబడనిది ఏదో, వినకూడదనుకున్నది ఏదో బాబాయ్‌కి బాగా తెలుసు.

ప్రూఫక్క స్టూలు మీద కూర్చుంది. వాడు పోయాక ఆవిడకి మిగిలింది చాలా తక్కువ. ఒక గిటారు, దానికి రెండు తీగలు లేవు. రెండు చొక్కాలు. ఆ పది సెకండ్లు. చొక్కాల వాసన ఆరు నెలల్లో పోయింది. గిటారు ముట్టుకోవాలంటే భయం. ఆ పది సెకండ్లు మాత్రం అలాగే ఉన్నాయి. జీతం రాని నెలలోనూ, అమ్మకి కళ్ల ఆపరేషన్ అయినప్పుడూ, సొంత పెళ్లి సంబంధం తప్పిపోయినప్పుడూ ఆవిడ రికార్డు పెట్టుకుని, నాలుగు వేళ్లు ఎత్తి, ఒక్కొక్కటీ ముడుచుకునేది. నా తమ్ముణ్ణి జనం తాగుబోతన్నారు, నేనూ అన్నాను, కానీ వీళ్లు వాడి కోసం ఒక చోటు ఉంచారు అనుకునేది. మనిషికి నిలబడ్డానికి ఆ మాత్రం నేల చాలు.

పుస్తకంలో తమ్ముడి పేజీ ఆవిడే రాసింది. నలభై ఒకటో పేజీ. శీర్షిక 'తాగుడు మింగేసిన చెయ్యి'. సొంతవాళ్ల గురించి తియ్యగా రాస్తే అబద్ధం అవుతుందని, తప్పుని తప్పనే రాయాలని, పళ్లు బిగబట్టి రాసింది. పేజీ చివర ఆ నిశ్శబ్దం గురించి, దాన్ని వదిలిన స్నేహితుల గురించి నాలుగు వాక్యాలున్నాయి. పొద్దున్నే ఆ పేజీ ఉన్న ఫారం మెషిను ఎక్కింది.

మూడయింది. బొంగురన్న వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. అరవై ఆరేళ్ల మనిషి, రోజూ ఈ వేళకి ఇక్కడికొచ్చి గొంతు తడుపుకోవడం అలవాటు.

"ఏంటి చెల్లెమ్మా, పుస్తకం వదిలేసి నువ్విక్కడ..." అంటూనే మంచం మీదికి చూశాడు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, బాబాయ్ వైపు తిరిగాడు. "పారేశానన్నావు కదయ్యా."

"అన్నాను" అన్నాడు బాబాయ్. "పారెయ్యలేదు."

"అన్నా" అంది ప్రూఫక్క. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది. "మా తమ్ముడి కోసం వదిలిన ఖాళీ ఇదేనా?"

"చెల్లెమ్మా, ముందు నువ్వు కాస్త మంచినీళ్లు..."

"వదిలారా? కోశారా? ఒక్క మాటలో చెప్పండి."

బొంగురన్న ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. "కోశాం" అన్నాడు.

కొట్లో ఎక్కడో ఒక ట్రాన్స్‌ఫార్మరు సన్నగా గుయ్యిమంటోంది. ముగ్గురిలో ఇద్దరికే అది వినబడుతోంది.

"ఇరవై రెండేళ్లు" అంది ప్రూఫక్క. ఇన్నాళ్లూ మీరు మీరు అని పిలిచిన మనిషిని ఇప్పుడు ఏకవచనంలోకి లాగేసింది, ఆ సంగతి ఆవిడకి తెలియను కూడా తెలియదు. "ఇరవై రెండేళ్లు నన్ను బొమ్మని ఆడించినట్టు ఆడించావు. ప్రతి ఏడూ మొదటి వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టావు. నేను ఆ జనం ముందు వేళ్లు ముడుచుకుంటూ ఏడుస్తుంటే నువ్వు పైనుంచి చూశావు. వాణ్ణి తీసి పారేసిన గొయ్యి అది. దానికి నా చేత దణ్ణం పెట్టించావు కదా నువ్వు!"

"తిట్టు" అన్నాడు బొంగురన్న. "తిట్టాల్సిందే."

"తిట్టడానికి రాలేదు. నాకు ఆ అబద్ధం ఎందుకు చెప్పావో చెప్పు."

ఆయన ఫ్లాస్కు అందుకుని మూత తిప్పాడు. తెరవలేదు, తిప్పుతూ కూర్చున్నాడు. పాటలో ఆయనకి మాట తడుముకోవడం తెలియదు. ఇక్కడ ఒక్కో మాటా వెతుక్కున్నాడు.

"ఆ రోజు రికార్డు ఇచ్చి పోదామనే వచ్చాను. నువ్వు తలుపు తీశావు. నీ మొహం చూశాక ఆ అట్టముక్క ఒక్కటే చేతిలో పెట్టి వెళ్లిపోలేకపోయాను. ఇంకేదో ఇవ్వాలనిపించింది. నా దగ్గర ఏముందని? నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. నువ్వు ఎవరికో చెప్పుకున్నావు, వాళ్లు ఇంకెవరికో. నెల తిరక్కుండా కచేరీలో జనం వేళ్లెత్తారు. మేమేం చేస్తాం? ఆగాం."

"ఆగారు."

"మొదటిసారి ఆగినప్పుడు సిగ్గేసింది. తర్వాతా సిగ్గేసింది. ఎన్నోసారో గుర్తులేదు, ఉన్నట్టుండి వాడు గుర్తొచ్చాడు. ఆ పక్కన నిలబడి, కన్ను కొట్టి, ఇక అందుకో అన్నట్టు తలాడించేవాడు కదా, అలా. అప్పట్నుంచి ప్రతిసారీ వాడే. ఎనిమిది వందల కచేరీలు చేసుంటాం. చెప్పింది అబద్ధమే చెల్లెమ్మా. కానీ వాడి కోసం నేను ఏడ్చిందంతా ఆ అబద్ధంలోనే. బయట ఒక్కసారి కూడా ఏడవలేకపోయాను."

ప్రూఫక్కకి ఆ మాట నిజమని తెలిసింది. నిజమని తెలియడం వల్ల కోపం ఇంకా పెరిగింది. కోపం పూర్తిగా రానివ్వని మనిషి మీద వచ్చే కోపం లాంటిది మరోటి లేదు.

"అసలు కోసిందెందుకు? వాడు వాయించింది నీ పాటకి అడ్డొచ్చిందా? వాడి చప్పట్లు నీకు తక్కువయ్యాయా?"

"కొయ్యమంది నేను కాదు" అన్నాడు బొంగురన్న.

"మరి?"

"వాడే."

బాబాయ్ అప్పటికే ఆ ముక్కని మెషినుకి ఎక్కించడానికి దాని కొసలకి తెల్లటి తోక టేపు అతికిస్తున్నాడు. బ్లేడు, అతుకు కాగితం, చిన్న ఇత్తడి పలక. "వింటావా?" అని అడిగాడు, ఆవిడ వైపు చూడకుండా. ఆవిడ తలూపింది. ఆయన చూడలేదు. బొంగురన్న ఆయన భుజం తట్టి చెప్పాడు.

పాత టేపు మెషిను మీద చుట్ట తిరిగింది.

ముందు హాలు వినబడింది. దగ్గు, కుర్చీ చప్పుడు, ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు. ఆ గదిలోకి ఇరవై రెండేళ్ల కిందటి జనం వచ్చి కూర్చున్నట్టయింది. తర్వాత గిటారు. ఒక స్వరం పైకి పాకబోయి సగంలో జారిపోయింది. మళ్లీ పాకింది. గాజు తీగ మీద నిలవక టకటకమని చెక్కకి కొట్టుకుంటోంది. మూడోసారి వాడు స్వరాన్ని వెతుక్కున్నాడు. వెతుక్కోవడం వినబడుతోంది. కళ్లు మూసుకుని కూడా తప్పు పోనివాడు, చీకట్లో గోడ తడిమేవాడిలా తడుముకుంటున్నాడు. జనంలోంచి ఎవడో, "సీసా ఎక్కువైందిరోయ్!" అని అరిచాడు. గుప్పున నవ్వులు. ఆ నవ్వుల మధ్య బొంగురన్న గొంతు గబగబా రాగం అందుకుని వాణ్ణి కప్పేసింది. టేపు అయిపోయి, కొస టపటపమని కొట్టుకుంది.

బాబాయ్ చేత్తో చుట్టని ఆపాడు. ఆయన వినలేదు. మెషిను మీద చప్పుడు కొలిచే ముల్లు ఊగడం చూస్తూ కూర్చున్నాడంతే. కానీ ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"మర్నాడు ఇక్కడికే వచ్చాడు" అన్నాడు బొంగురన్న. "ఇదే స్టూలు మీద కూర్చుని విన్నాడు. విని, 'అక్క రికార్డు కొంటుంది అన్నా. ఇది అక్క వినకూడదు, తీసెయ్' అన్నాడు. ఇంకేం అనలేదు."

ప్రూఫక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తూనే, లోపల ఒక మూల పాత మొండితనం తల ఎత్తింది. "సిగ్గుపడ్డాడన్నమాట. ఆ మాత్రం సిగ్గు స్టేజీ ఎక్కేముందు ఉండాల్సింది. తాగి ఎక్కాడు, నలుగురి ముందూ నవ్వులపాలయ్యాడు. నేను రాసిందాంట్లో తప్పేముంది?"

బొంగురన్న తల ఎత్తాడు. "తాగి ఎక్కడమేంటి?"

"దాచకన్నా. ఇంకా ఎవరి కోసం? నువ్వే కదా నాకు ఫోన్ చేసి చెప్పావు."

"నేనా? ఏమని?"

ముప్పై ఏళ్లుగా అక్షరాలతో బతికిన మనిషి. ఒకసారి చెవిన పడిన మాట పొల్లుపోదు. "కచేరీకి పది రోజుల ముందు, అచ్చాఫీసుకి చేశావు. 'వాడికి మందు పడితేగానీ చెయ్యి నిలవట్లేదమ్మా, కాస్త కనిపెట్టి చూసుకో' అన్నావు. నేను చూసుకుంటానన్నాను."

"అవును, అన్నాను." ఆయన అయోమయంగా బాబాయ్ వైపు, మళ్లీ ఆవిడ వైపు చూశాడు. "డాక్టరిచ్చిన మందు. పూట తప్పితే చెయ్యి వణికేది కదా."

"ఏ డాక్టరు?"

"నరాల డాక్టరు, చెల్లెమ్మా. ఇంకే మందనుకున్నావు నువ్వు?"

ఆవిడ బొటనవేలు నోటికేసి ఎత్తి చూపించింది. బొంగురన్న మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఆయన తాగని మనిషి, తాగుడంటే పడని మనిషి. మందంటే ఆయనకి సీసాలో నాలుగు చుక్కలూ, పూటకో బిళ్లా. ఆవిడ పనిచేసే చోట సాయంత్రమైతే సగంమంది కంపోజిటర్లు మందు కోసం గోడ దూకేవాళ్లు. మందంటే ఆవిడకి అదే. ఒక్క అక్షరం తేడా లేదు. ఒక్క అక్షరం తేడా ఉంటే ఆవిడ పట్టుకునేది.

"వాడు... తాగేవాడు కాదా?"

"నా ఎరికలో చుక్క ముట్టలేదు" అన్నాడు బాబాయ్. ఇది మాత్రం ఆయనకి వినబడింది.

ఆ సాయంత్రం ఆవిడ కళ్ల ముందుకొచ్చింది. ఫోన్ పెట్టేసి, ఊగిపోతూ ఇంటికెళ్లింది. వాడు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. ఎడమచెయ్యి వణుకుతోంది. ఆ చెయ్యి చూసి, "మందు మానేశాకే ఈ గుమ్మం ఎక్కు" అంది. వాడు ఆవిడ మొహంలోకి చూసి, "మానేస్తే వాయించలేనక్కా" అన్నాడు. "వాయించకు" అంది. వాడు నవ్వాడు. తాగినవాడి నవ్వు అనుకుంది. విడిచిన చెప్పు మళ్లీ కాలికి తొడుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. తర్వాత నాలుగు నెలలు బతికాడు, ఆ గుమ్మం ఎక్కలేదు.

బస్సు కడ్డీ పట్టుకున్నది ఎడమచెయ్యి.

"నేను గెంటేశానన్నా" అంది. "జబ్బు పడ్డవాణ్ణి నేను గుమ్మంలోంచి గెంటేశాను."

బొంగురన్న లేచి వచ్చి ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పుల మనిషి అలా కూర్చోవడం బాబాయ్ ఎన్నో ఏళ్లుగా చూడలేదు. "నీకు తెలుసనుకున్నానమ్మా. వాడు మా దగ్గరే పడుకుంటుంటే, ప్రాక్టీసుకి దగ్గరని అన్నాడు, నమ్మాను. నీకు అంతా తెలుసనే కదా జబ్బు మాట ఎత్తకుండా మందు అని మాత్రం అన్నాను."

"నాకు తెలుసని ఎవరన్నారు?"

ఆయన బాబాయ్ వైపు చూశాడు.

"ఎవరన్నారన్నా?"

"మీ అమ్మగారు."

"అమ్మా?" అంది ప్రూఫక్క.

"డాక్టరు దగ్గరికి వాణ్ణి తీసుకెళ్లింది ఆవిడే. ఇంకో ఏడాదికి చెయ్యి లేవదని డాక్టరు చెప్పింది ఆవిడకే. నేను మీ ఇంటికొచ్చి, అక్కకి చెప్పాలి కదండీ అంటే, 'అమ్మాయికి అన్నీ తెలుసు బాబూ. ఆ జబ్బు పేరెత్తితే తట్టుకోదు, దాని దగ్గర ఆ మాట ఎప్పుడూ అనకండి' అన్నారు. నేను మాటిచ్చాను. ఇవాళ్టిదాకా అనలేదు."

ఆవిడ లేచింది. సంచి ఎక్కడ పెట్టిందో కనబడలేదు. అది భుజానే ఉంది. కొట్టు మెట్ల మీద నిలబడి అచ్చాఫీసుకి ఫోన్ చేసింది. వెనక మెషిను రొద, మెషినాయన కేక.

"మూడో ఫారం ఎంతవరకొచ్చింది?"

"ఎంతవరకేంటక్కా, దిగిపోయింది. మూడు వేలూ. మడతకి పంపిస్తున్నా."

మూడు వేల కాగితాల మీద ఆవిడ సొంత మాటలు, ఆవిడే దిద్దిన అక్షరాలు, ఒక్క తప్పు లేకుండా.

"మడవకండి" అంది. "కుట్టకండి."

"అక్కా, ఆదివారం సభ! అభిమానులంతా నా పీక మీద కూర్చుంటారు. తప్పేమైనా దొర్లిందా?"

"దొర్లింది."

"ఎన్ని అక్షరాలు? స్టిక్కరు వేసేద్దాం."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. అచ్చాఫీసులో అన్నిటికీ స్టిక్కరే మందు.

ఇల్లు పది నిమిషాల నడక. ఎండ ఇంకా తగ్గలేదు. దారిలో పలకరించిన ఇద్దరు మనుషులకి ఆవిడ జవాబు చెప్పిందో లేదో ఆవిడకే తెలియదు. నడుస్తున్నంతసేపూ ఒకటే లెక్క. ఆ గుమ్మం దగ్గర గొడవైనప్పుడు అమ్మ ఎక్కడుంది? వంటగది తలుపు దగ్గర. చేతిలో తడి గరిటె. అన్నీ విన్నది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఒకే కప్పు కింద, ఒకే కుక్కర్లో వండుకుని తిన్నారు ఇద్దరూ. 'తాగి చచ్చాడు' అని కూతురు ఎన్నిసార్లు అందో. కోపంగా అంది, ఏడుస్తూ అంది, చుట్టాల ముందు అంది. అమ్మ ప్రతిసారీ తలొంచుకుని పళ్లేలు తీసేది. తల్లికి కొడుకు మీద సిగ్గు అనుకుంది కూతురు. మొన్న నలభై ఒకటో పేజీ చదివి వినిపించినప్పుడు కూడా, "బాగా రాశావు" అంది అమ్మ. ఆ రెండు మాటలే అంది.

తలుపు దగ్గరగా వేసుంది. అమ్మ కిటికీ కింద చాప మీద కూర్చుని బఠాణీలు వలుస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్లు, చూపు మందగించింది గానీ వేళ్లు ఇంకా చురుకే. గిన్నెలో గింజలు టపటప పడుతున్నాయి.

"అప్పుడే వచ్చేశావేం? పుస్తకం అయిపోయిందా?"

ప్రూఫక్క చెప్పులు విడవలేదు. గుమ్మం ఇవతల నిలబడింది, సరిగ్గా వాడు నిలబడిన చోట.

"అమ్మా. తమ్ముడు తాగేవాడా?"

అమ్మ వేళ్లు ఆగిపోయాయి. సగం వలిచిన కాయ గిన్నెలో వేసి, గిన్నె పక్కకి జరిపి, రెండు చేతులూ కొంగుకి తుడుచుకుంది. తొందరేమీ లేదు. తల ఎత్తి, గుమ్మంలో వెలుతురుకి అడ్డంగా నిలబడ్డ కూతురి మొహం కనబడేదాకా కళ్లు చిట్లించి చూసింది.

"ఆ మాట అడగడానికి ఇరవై రెండేళ్లు పట్టిందా నీకు?" అంది.